లోకభారము వహించువారికి తోటపని

పదిమంది బరువు మోయువానికి దినమున విరామము దొరకుట దుర్లభము. విజయవాడనుండి బందరునకు పోవు రహదారిపై నున్న కంకిపాడు వంటి గ్రామమున ఒక సర్పంచి దినచర్యను ఊహించిన చాలును. తెల్లవారకముందే వాకిట నలుగురు నిలిచియుందురు. ఒకరిది గట్టు తగవు, ఒకరిది కాలువనీటి వంతు, ఒకరిది పింఛను కాగితము, మరియొకరిది అన్నదమ్ముల పంపకము. మధ్యాహ్నము కార్యాలయములు, సాయంకాలము సభలు, రాత్రి పెండ్లిపందిరియో పరామర్శయో తప్పదు. పరుండిన పిమ్మట సైతము తలగడ ప్రక్కనున్న ఫోను పిలుచుచునే యుండును. పరపతి సంఘాధ్యక్షుని స్థితియు, పాఠశాల ప్రధానోపాధ్యాయుని స్థితియు, దేవాలయ ధర్మకర్త స్థితియు దీనికి భిన్నముగా లేవు.

ఇట్టివారికి నిద్ర యొక్కటియే విశ్రాంతి కాజాలదు. దేహము మంచముపై నున్నను మనస్సు తగవులు తీర్చుచునే యుండును. మనస్సునకు విశ్రాంతి కలుగవలెనన్నచో దానికి వేరొక పని చూపవలెను. ఆ పని పవిత్రమై, సులభమై, అధికారమును మరపించునదిగా నుండవలెను. పెద్దలు దేవతార్చనకై చేసిన తోటపని యట్టిది. అది లోకభారము వహించువారికి ఏవిధముగా ఉపకరించునో ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

విహారము, వ్యసనము

రాజునకు విహారము పనికిరాదని మన శాస్త్రములు చెప్పలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజు పగటిని ఎనిమిది భాగములు చేసెను. ఒక్కొక్క భాగము నేటి లెక్కకు ఇంచుమించు గంటన్నర యగును. రక్షణము, ఆదాయవ్యయములు మొదటి భాగమున. పౌరజానపదుల వ్యవహారములు రెండవ భాగమున. స్నానభోజనములు, స్వాధ్యాయము మూడవ భాగమున. ఇట్లు క్షణము వృథా పోనీయని ఆ కఠినుడు ఆరవ భాగమును మాత్రము స్వేచ్ఛావిహారమునకు గాని, మంత్రాలోచనమునకు గాని విడిచెను. రాజ్యతంత్రమునందు అంతటి నిష్ఠ గలవాడే విరామమునకు చోటిచ్చుట గమనింపదగిన విషయము. గీతయందు ఆరవ అధ్యాయమున భగవానుడు మితమైన ఆహారముతో పాటు మితమైన విహారమును యోగమునకు అంగముగనే చెప్పెను.

అయితే విహారము హద్దు దాటిన వ్యసనమగును. ఆ కౌటిల్యుడే కామమువలన పుట్టు వ్యసనములు నాలుగని చెప్పెను. అవి వేట, జూదము, స్త్రీలోలత, మద్యపానము. ఇవి నాలుగును విశ్రాంతి పేరుతోనే మొదలగును. అలసిన మనస్సు మరపును కోరును; మరపు నిచ్చునది ఏదైనను దానిని పట్టుకొనును. నాయకుడు కావున సమకూర్చువారికి కొదువ యుండదు. పేకాట బల్లవద్దకు, మద్యపు పాత్రవద్దకు పిలుచు స్నేహితులు అధికారమున్నంతకాలము వెంటనే యుందురు. కావున నాయకుడు తన విరామమును తానే ముందుగా ఎంచుకొననిచో, దానిని ఇతరులు ఎంచి పెట్టుదురు. సంసారములు చెడుటయు, సంస్థలు చెడుటయు పెక్కుమారులు ఇక్కడనే ఆరంభమగుచుండును.

శ్రీకాకుళమున రాజు తలచిన తోటమాలి

ఈ విషయమున కృష్ణామండలమునకే ఒక గొప్ప సాక్ష్యము కలదు. కంకిపాటికి దక్షిణముగా, ఘంటసాల మండలమున, కృష్ణానది యొడ్డున శ్రీకాకుళము కలదు. అచ్చట ఆంధ్ర మహావిష్ణువు వెలసియున్నాడు. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ విజయమునకై సేనలతో వచ్చి, విజయవాటియందు కొన్ని దినములు విడిసి, ఈ స్వామిని సేవింపబోయెను. ఆ దినము హరివాసరము. ఉపవాసముండిన రాజునకు నాలుగవ జామున స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తెలుగున ఒక కావ్యము రచింపుమని ఆజ్ఞాపించెను. ఈ వృత్తాంతమును రాయలు ఆముక్తమాల్యద పీఠికయందు తానే చెప్పుకొనెను.

యుద్ధయాత్రయందున్న చక్రవర్తికి స్వామి కోరిన కథ ఏది? శ్రీవిల్లిపుత్తూరున పూలతోట పెంచుకొని, దినమును దండలు కట్టి వటపత్రశాయికి సమర్పించు విష్ణుచిత్తుని కూతురు గోదాదేవి కల్యాణకథ. ఆ విష్ణుచిత్తుడు లోకమునకు దూరముగా నున్నవాడు కాడు. మధురానగరమున పాండ్యరాజైన మత్స్యధ్వజుడు ఒకనాటి రాత్రి భోగినీగృహమునకు పోవుచుండగా, ఒక బాటసారి బ్రాహ్మణుడు పాడిన సుభాషితము చెవిని బడెను. వానకాలమునకు కావలసినది తక్కిన ఎనిమిది మాసములలోను, రాత్రికి కావలసినది పగటియందును, వార్ధకమునకు కావలసినది యౌవనమునను, పరలోకమునకు కావలసినది ఇహమునందును సమకూర్చుకొనవలెనని దాని తాత్పర్యము. రాజు కలతజెంది, మోక్షమిచ్చు దైవమెవ్వరో నిర్ణయింపుడని పండితులను కోరెను. అప్పుడు స్వామి ఆ సభకు పొమ్మని విష్ణుచిత్తుని ఆజ్ఞాపించెను.

విష్ణుచిత్తుడు ఏమని బదులు పలికెను? తాను శాస్త్రగ్రంథములు చదువనివాడననియు, తోటనేల త్రవ్వి త్రవ్వి గునపము పట్టిన చేతులు కాయలు గాచి మొరటుదేలినవనియు, తనవంటి వానిని వాదమునకు పంపి ఓడిన యెడల స్వామికే అపకీర్తి యనియు విన్నవించుకొనెను. స్వామి వినలేదు. విష్ణుచిత్తుడు మధురకు పోయి వాదమున గెలిచి, రాజసమ్మానము నొంది, మరల తన ఊరికే వచ్చెను. రాజసభయందు నిలిచిపోవలెనని అతనికి తోచలేదు. తులసివనమున అతనికి గోద లభించెను.

ఈ పద్యములు వ్రాసినది కత్తి పట్టిన చేయి. అరచేతి కాయలలో గునపపు కాయకును ఖడ్గపు కాయకును భేదము రాయలకు తెలిసియుండును. ఆ గ్రంథమందే చతుర్థాశ్వాసమున యామునాచార్యుని నోట రాయలు రాజనీతిని చెప్పించెను. దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నులలో వెసులుబాటు కలిగించినచో అర్థమును, ధర్మమును వృద్ధి పొందునని ఆ నీతియందు కలదు. తోటమాలి కథయు, నీరుపారించు రాజనీతియు ఒకే గ్రంథమున ఇముడుట యాదృచ్ఛికము కాదు.

తోట నేర్పు పాఠములు

తోటపని నాయకునకు విశ్రాంతి నిచ్చుటకు మొదటి కారణము, అచ్చట అతని ఆజ్ఞ చెల్లకపోవుట. ఉదయమునుండి అతడు చెప్పినది జరుగుచుండును. జరుగనిచో కోపము వచ్చును. కొంతకాలమునకు తాను చెప్పుటవలననే లోకము నడచుచున్నదన్న భ్రమ కలుగును. మల్లెమొగ్గను రేపు విచ్చుకొమ్మని ఆజ్ఞాపించిన వినునా? పాదు సరిచేసి, కలుపు తీసి, నీరు పోసి, వేచియుండవలెను. తాను చేయగలిగినది సేవ మాత్రమేయనియు, పెరుగుట యనునది తన చేతిలో లేదనియు మొక్క మాటలాడకయే బోధించును. కర్తృత్వాభిమానము తగ్గుట వేదాంతమున పెద్దమాట. తోటలో అది పిల్లలకు సైతము కన్నులకు గట్టినట్లుండును.

రెండవది కాలజ్ఞానము. నాయకుని యొద్దకు వచ్చువారందరు వెంటనే కావలెనందురు. అతడును తొందరకు అలవాటుపడును. పారిజాతము తెల్లవారుజామున తానై రాలును. ముందుగా దులిపిన పచ్చిమొగ్గలే దక్కును. వేరూనని మొక్కను దినమునకొకమారు పెరికి చూచినవానికి మొక్క దక్కదు. తోటలో తొందరకు దండన వెంటనే లభించును; ఓర్పునకు ఫలము కూడ లభించును. ఈ రెంటిని కన్నులార చూచినవాడు గ్రామకార్యములందు సైతము కొంత నిదానించును.

మూడవది సమర్పణము. పూచిన పూవును పూజకు కోయుచున్నప్పుడు, ఇది నేను చేసినదని అనుకొనుట కష్టము. నేల ఎవరిది, నీరు ఎవరిది, ఎండ ఎవరిది? ఆకైనను, పూవైనను, పండైనను, నీరైనను భక్తితో నిచ్చిన స్వీకరింతునని భగవానుడు గీతయందు చెప్పిన వస్తువులన్నియు పెరటిలో దొరకునవే. ద్వాదశినాడు తులసి కోయరాదను ఆచారము కలదు. తన పెరటి మొక్కయైనను తనకు తీసికొనుటకు అధికారము లేని దినము ఒకటి యుండుట అధికారికి ఎంతో మంచిది.

ఈ సేవ స్వహస్తములతో జరుగవలెను. భగవద్రామానుజుల ఆజ్ఞచే తిరుమలకు పోయి పూలతోట పెంచిన అనంతాళ్వారుల కథ ప్రసిద్ధము. ఆయన మహాపండితుడు. తోటకు నీటికై చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయము చేసెదననగా ఆయన వలదనెను. ఆ బాలుడు చాటుగా ఆ యిల్లాలికి సాయపడుట చూచి, సేవకు అడ్డువచ్చెనని కోపించి గునపము విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. పిమ్మట ఆలయమున స్వామి గడ్డమున రక్తము కనబడెను. స్వామి గడ్డమున పచ్చకర్పూరము నలదుట ఆ గాయమునకు గుర్తుగా చెప్పబడుచున్నది. ఆ గునపమును నేటికిని తిరుమల మహాద్వారమున యాత్రికులు చూచుచున్నారు. సేవలో వంతు నితరులకు ఈయనొల్లని ఆ పట్టుదలను, తోటమాలిని నియమించి కుర్చీలో కూర్చుండి చూచువాడు పొందజాలడు. అట్టివానికి మరియొక ఉద్యోగి పెరుగునే గాని విశ్రాంతి దొరకదు.

పదవి పోయిన నాడు

నాయకునకు అన్నిటికంటె కష్టమైన దినము పదవి పోయిన మరునాడు. వాకిట ఎవ్వరును ఉండరు. ఆనాటికి చేతికి అలవాటైన పని ఒకటి లేనిచో, పోయిన పదవినే తలచి కుములుటయో, దానికై తగని మార్గములు త్రొక్కుటయో జరుగును. తోట తెలిసినవారు ఈ గండమును దాటిన ఉదాహరణములు కలవు.

1942 ఆగస్టు 9న పట్టుబడిన కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను అహమ్మదునగరు కోటలో నిర్బంధించిరి. వారిలో బందరువాసియైన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారును, జవహర్‌లాల్ నెహ్రూ గారును ఉండిరి. దేశమంతయు అట్టుడుకుచుండగా నాయకులు గోడలమధ్య నుండవలసి వచ్చెను. అచ్చటి నేల రాళ్లతోను, పాతకట్టడముల శిథిలములతోను నిండియుండెను. నెహ్రూ గారు ఎండను సైతము లెక్కింపక గంటలకొలది ఆ నేలను త్రవ్వి పూలమడులు సిద్ధపరచిన విషయమును, 1944లో ఆ కోటలోనే రచించిన డిస్కవరీ ఆఫ్ ఇండియా గ్రంథమున చెప్పిరి. 1945 మార్చి వరకు సాగిన ఆ నిర్బంధమున కలమునకు గునపము తోడైనది.

ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రియైన నీలం సంజీవరెడ్డి గారు 1969లో రాష్ట్రపతి ఎన్నికయందు ఓడిపోయిరి. అంతకు ముందే లోక్‌సభ స్పీకరు పదవిని విడిచియుండిరి. ఆయన అనంతపురమునకు మరలివచ్చి సేద్యము చేసికొనుచుండిరి. 1977లో నంద్యాలనుండి లోక్‌సభకు గెలిచి, ఆ సంవత్సరమే జూలైలో పోటీలేకుండ రాష్ట్రపతియైరి. ఓటమికిని అత్యున్నత పదవికిని నడుమ గడచిన ఆ యేండ్లలో చాల భాగము అనంతపురపు నేలయే ఆశ్రయమైనది.

పరదేశములందును ఇట్టి కథ కలదు. రోమక చక్రవర్తియైన డయొక్లీషియన్ 305వ సంవత్సరమున స్వయముగా సింహాసనము విడిచి, సముద్రతీరమున తన సౌధమునకు పోయి కూరగాయలు పెంచుకొనెను. మరల రాజ్యము చేకొనుమని కోరవచ్చినవారితో, తన చేతులతో పెంచిన కూరలను చూచినచో మీరీ మాట అడుగరని పలికెనని చరిత్రకారులు చెప్పుదురు. అధికారమును విడువగలుగుట అధికారమును పొందుటకంటె కష్టము. మరలిపోవుటకు ఒక చోటున్నవానికి అది కొంత సులభమగును.

కంకిపాటి నేలలో

తోటపనికి ఎకరములు అక్కరలేదు. పెరటిలో పది మొక్కలకు చోటున్న చాలును. పొలములు ఇండ్ల స్థలములగుచున్న ఈ కాలమున పెరడు లేనివారు మిద్దెపై నాలుగు కుండీలు పెట్టుకొనవచ్చును.

కృష్ణాడెల్టా నల్లనేల సారవంతమైనదే గాని, వానలో జిగటయై నీరు పట్టియుంచును; వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. పూలమొక్కల వేళ్లు నిలిచిన నీటికి కుళ్లును. కావున మడులను జానెడెత్తు లేపి, మురుగు పోవుటకు ప్రక్కన బోదె తీయవలెను. చివికిన పశువుల యెరువును, కొంత ఇసుకను కలిపినచో నేల గుల్లబారును. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. మెత్తని నేల సకల వృక్షములకు హితమనియు, అందు మొదట నువ్వులు చల్లి, పూతకు వచ్చినప్పుడు నేలలోనే త్రొక్కివేయుట భూమికి చేయవలసిన తొలి సంస్కారమనియు ఆయన చెప్పెను. డెల్టా రైతులు జనుము, జీలుగ చల్లి దున్నుట ఇదే సూత్రము.

నీటి విషయమున ఆయన చెప్పిన క్రమము నేటికిని చెల్లును. నాటిన మొక్కలకు వేసవిలో ఉదయము, సాయంకాలము. చలికాలమున దినము విడిచి దినము. వానకాలమున నేల ఆరినప్పుడు మాత్రమే నీరు పోయవలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో మొదళ్లకు వరిగడ్డి కప్పినచో తడి నిలుచును. చెట్లనడుమ 20 హస్తముల ఎడము ఉత్తమము, 16 మధ్యమము, 12 కంటె తగ్గరాదని ఆయన నియమము. హస్తమనగా మూర, 20 మూరలు 30 అడుగులు. నేడు కొబ్బరిమొక్కలకు చెప్పు 25 అడుగుల ఎడము ఈ కొలతల నడుమనే యున్నది. మరీ దగ్గరగా నాటిన చెట్లు వేళ్లు పెనవైచుకొని తగిన ఫలమీయవని ఆయన హెచ్చరించెను. అనుచరులను మరీ చేరదీసి, వారిని ఎదుగనీయక, తానును ఎదుగని నాయకులు ఈ మాటను మరల చదువుకొనవచ్చును.

మొదటివానికి తులసి, నందివర్ధనము, గన్నేరు, మందారము అనుకూలములు. ఇవి అల్పశ్రద్ధతో బ్రతికి, సంవత్సరమున ఎక్కువ భాగము పూజకు పత్రపుష్పముల నిచ్చును. తులసి వెన్నులను ఎప్పటికప్పుడు త్రుంచినచో గుబురుగా పెరుగును. ఆషాఢ శ్రావణములలో బంతినారు పోసినచో దసరాకు పూలందును. చామంతి పిలకలను వానలకు నాటినచో ప్రొద్దు తరిగిన కార్తిక మార్గశిరములలో పూయును. మల్లెకు చలికాలమున కొంతకాలము నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, పిదప ఎరువు వేసి నీరు పెట్టినచో ఫాల్గుణ చైత్రములలో మొగ్గ తొడుగును. కొంత కోల్పోవుట ఎక్కువ పూచుటకేయని మల్లె చెప్పు పాఠము ఓడినవారికి ఊరట.

కొన్ని నియమములు

దినమునకు అరగంట చాలును. అయితే అది ప్రతిదినము ఒకే వేళ జరుగవలెను. తెల్లవారుజాము శ్రేష్ఠము. ఆ సమయమున ఫోను ఇంటిలోనే యుండవలెను. కార్యాలయపు సిబ్బందిచేత పెరటిపని చేయించుకొనుట దోషము. ఆ పూవు పూజకు తగదు. ఇతరుల పెరటి పూలు అడుగకుండ కోసి దేవునకు పెట్టుటయు అంతే. తన తోటయే ఊరిలో గొప్పదని చూపుకొనుట మొదలైననాడు విహారము మరల వ్యసనమైనదని తెలిసికొనవలెను.

తోట కర్తవ్యమునకు అడ్డు రాకూడదు. కౌటిల్యుడు ఆ ఆరవ భాగమున విహారము గాని, మంత్రాలోచనము గాని యని రెండును చెప్పుటలో భావమిదియే. ఊరికి ఆపద వచ్చినప్పుడు గునపము ప్రక్కన పెట్టి లేవవలసినదే. స్వామి పిలిచినప్పుడు విష్ణుచిత్తుడును గునపము దించి మధురకు పోయెను. పని ముగిసిన పిదప ఆ గునపము వద్దకే తిరిగివచ్చుట అతని గొప్పతనము.

ఈ వానకాలమున ప్రతి గ్రామనాయకుడును ఒక్క మొక్కను తన చేతితో నాటి, తన చేతితో నీరు పోసి, తొలి పూవును ఊరిగుడిలో సమర్పించుగాక. ఆ పూవు సర్పంచి పెంచినదో, కూలివాడు పెంచినదో స్వామి అడుగడు. ఆ ప్రశ్న లేని చోట క్షణకాలము నిలిచినవానికి కలుగునదే నిజమైన విశ్రాంతి.